నడిమి అక్షరం

మేడమీది గది,
ఫిబ్రవరి 6.

బావమరిదికి,

పంతొమ్మిదేళ్ళ తర్వాత ఉత్తరం రాస్తున్నాను కదా అని నేను మెత్తబడ్డాననుకోకు. పని పడింది. అదీ నీతో కాదు, నీ సంస్థతో. సంస్థకు మూడుసార్లు రాస్తే, "మీ సందేశం అందింది, ధన్యవాదాలు" అని ఒకే జవాబు మూడుసార్లు వచ్చింది. కృతజ్ఞతతో చచ్చిపోయేలా ఉన్నారు మీవాళ్ళు. ఇప్పుడు దానికి నువ్వే అధిపతివని, రెండో అంతస్తులో కిటికీ ఉన్న గది ఇచ్చారని మీ అక్క చెప్పింది. ఆవిడ నీ ఇంటికి వస్తుంది, పోతుంది. అది అక్కాతమ్ముళ్ళ గొడవ, నేను అడగను.

విషయం ఇది. కొండదారుల్లో మనుషులను నడిపించుకు వెళ్ళడం నలభై ఏళ్ళుగా నా వృత్తి. ఆ పని చేయాలంటే అటవీ ప్రథమ చికిత్స ధ్రువపత్రం ఉండాలి. మూడేళ్ళకోసారి కొత్తది తీసుకోవాలి. ఇన్నాళ్ళూ రెండు రోజులు మైదానానికి పోయి, ఒకరికొకరం కట్లు కట్టుకుని, ఒకరినొకరం మోసుకుని, మధ్యాహ్నం చెట్టు కింద కునుకు తీసి వచ్చేవాళ్ళం. ఈ ఏడాది అంతా ఆన్‌లైన్ అన్నారు. పన్నెండు పాఠాలు, పాఠానికో పరీక్ష, చివర్లో మనమే తీసి పంపాల్సిన వీడియో. నా పత్రం గడువు మే 30. గడువు దాటితే తొమ్మిది రోజుల పూర్తి శిక్షణ మళ్ళీ మొదటి నుంచి చేయాలట. దానికి అరవై అయిదు దాటినవాళ్ళను తీసుకోరు. నాకు డెబ్బై ఒకటి. అంటే ఇదే నాకు ఆఖరి తలుపు. ఇది మూసుకుంటే ఇక కొండను కిటికీలోంచి చూడాల్సిందే. మార్గదర్శుల సంఘం కార్యదర్శి అప్పుడే, "ఈ ఏడాదితో విశ్రాంతి తీసుకుంటారా?" అని అడిగాడు. ఎంత ప్రేమగా అడిగాడంటే చెంప వాయించాలనిపించింది.

కాబట్టి కూర్చుని చేస్తున్నాను. తల చక్కగా దువ్వుకున్న ఒక కుర్రవాడు తెర మీద బొమ్మకు కట్టు కడుతూ నాకు నేర్పుతున్నాడు. ఆ బొమ్మకు రక్తం రాదు, అది తిట్టదు, వాంతి చేసుకోదు. రక్తం ఆగకపోతే గాయానికి పైన బిగించి కట్టడం ఆఖరి మార్గమని నా చిన్నప్పుడు చెప్పారు. ఇప్పుడు వెంటనే బిగించు, బిగించిన సమయం రాసిపెట్టు అంటున్నారు. మంచిదే, ఒప్పుకున్నాను. తప్పని తెలిస్తే మార్చుకోవడం నాకు చేతనవును. మొదటి అయిదు పాఠాల్లో నూటికి తొంభై ఆరు.

ఆరో పాఠం దగ్గర ఆగిపోయాను. పద్నాలుగో ప్రశ్న. నీకు గుర్తు చేయక్కర్లేదనుకుంటాను, అయినా రాస్తున్నాను: "కొండ అంచు నుంచి జారిపడిన వ్యక్తి వెన్నుకు గాయమైనట్టు అనుమానం. కింది శిబిరంలో ఉన్న మార్గదర్శి, అతన్ని చూడకుండానే, కదపమని వైర్‌లెస్‌లో ఆదేశించాడు. అతను చేసిన తప్పు ఏది?" కింద నాలుగు జవాబులు. నాలుగోది "పైవన్నీ". అదే సరైనదట. నాకు కావాల్సిన జవాబు అందులో లేదు. అతను అలా ఆదేశించలేదు అన్నది.

అది తప్పనిసరి ప్రశ్న. మిగతావన్నీ ఒప్పయినా అది తప్పితే పాఠం తప్పినట్టే. ఒకసారి తప్పాను. మూడే అవకాశాలు. ఆ ప్రశ్న ఎవరు రాశారో నాకు చెప్పు.

నీ బావ.

*

శిక్షణ సంస్థ, రెండో అంతస్తు,
ఫిబ్రవరి 19.

బావగారికి నమస్కారాలు.

మీ చేతిరాత చూసి కవరు తెరవడానికి ఒక పూట పట్టింది. ఆరోగ్యంగా ఉన్నారని రాత చూస్తేనే తెలిసింది. అక్షరాలు ఇంకా కాగితాన్ని చించుకుంటూనే పోతున్నాయి.

పాఠాలు ఎవరు రాశారన్నది సంస్థ బయటపెట్టదు. నిజంగా జరిగిన సంఘటనల విచారణ నివేదికల ఆధారంగా రాయించినవి. పేర్లు లేవు, ఊళ్ళు లేవు. మీరు తప్ప ఆ ప్రశ్నను గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పటికి నాలుగు వందల మందికి పైగా జవాబు రాసి ముందుకు పోయారు.

నా సలహా వింటారా? "పైవన్నీ" నొక్కండి. ఒక వేలి పని. ఆ జవాబు ఎవరో ఒక మార్గదర్శి గురించి. మీ గురించి కాదు. మీ పత్రం మీ చేతికి వస్తుంది, ఏప్రిల్ నుంచి మీ జనంతో మీరు కొండెక్కుతారు. మీరు లేకపోతే ఆ దారిలో సగం మలుపులు ఎవరికీ తెలియవు. ఇది పొగడ్త కాదు, మా రికార్డుల్లో ఉన్న మాట.

కిటికీ ఉన్న గది మాట నిజమే. కిటికీ గోడవైపుకు ఉంది.

మీ
బావమరిది.

*

మేడమీది గది,
మార్చి 4.

బావమరిదికి,

ఒక వేలి పని అన్నావు. చాలా బాగా రాశావు. సంతకాలన్నీ ఒక చేతి పనే. ఆ రోజు విచారణ సంఘంలో ముగ్గురు పెద్దమనుషులు చేసింది కూడా ఒక చేతి పనే. వాళ్ళలో ఒకడు గుట్ట కూడా ఎక్కి ఎరగడు; మెట్లెక్కి నా వాంగ్మూలం తీసుకోవడానికే రెండుసార్లు కూర్చున్నాడు. ఇంకొకడు నా మాటల మధ్యలో చేతిగడియారానికి కీ ఇచ్చుకున్నాడు. మూడోవాడు బుద్ధిమంతుడు, నిద్రపోయాడు.

నీకు మరుపు వచ్చి ఉంటుంది, నేను చెబుతాను. సర్వే పనికి వచ్చిన సర్వేయరును నువ్వూ ఇద్దరు మోతగాళ్ళూ పై గట్టుకు తీసుకెళ్ళారు. నేను కింది శిబిరంలో ఉన్నాను. మధ్యాహ్నం రెండు దాటాక ఆయన రెండు నిలువుల ఎత్తు నుంచి రాతి మీద పడ్డాడు. నువ్వు వైర్‌లెస్‌లో పిలిచావు. స్పృహలో ఉన్నాడు, నడుము నొప్పంటున్నాడు, కాళ్ళు తిమ్మిరంటున్నాడు, చలిగాలి మొదలైంది, నలభై అడుగుల్లో రాతిగూడు ఉంది, అందులోకి మార్చాలా అని అడిగావు. నేను "కదపకండి, మేం వస్తున్నాం" అన్నాను. ఇంతే. ఏడేళ్ళ పిల్లాడికి కూడా అర్థమయ్యే మాట. మేం స్ట్రెచర్‌తో పైకి వచ్చేసరికి నువ్వు ఆయన్ను రాతిగూట్లో పడుకోబెట్టి, నేను మెచ్చుకుంటానన్నట్టు నిలబడి ఉన్నావు.

ఆయన ఆ రోజు నుంచి చక్రాల కుర్చీలో ఉన్నాడు. పడటం వల్లా, కదపటం వల్లా అని డాక్టర్ని అడిగితే రెండూ కావచ్చన్నాడు. ఎవరికి కావాల్సింది వాళ్ళు ఏరుకోవచ్చు కదా. సంఘం ఏరుకుంది. నువ్వు, నీ ఇద్దరు మోతగాళ్ళు "కదపండి అన్నారు" అని ఒకే పాట పాడారు. నా వైపు నేనొక్కణ్ణే; నేను మాట్లాడేటప్పుడు వైర్‌లెస్ గుడారంలో ఇంకెవరూ లేరు. నా అనుమతి రెండేళ్ళు ఆపేశారు. ఆ రెండేళ్ళు నేను ఇంట్లో కూర్చున్నాను. నువ్వు శిక్షకుడి కుర్చీలో కూర్చున్నావు. అబద్ధం చెప్పిన నోటితో వెయ్యి మందికి ప్రాణం పోయడం నేర్పావు.

నేను చాలా చదివాను. రాజులు, యుద్ధాలు, సంధులు. ఓడినవాడి మాటను ఎవరు రాసిపెట్టారు? గెలిచినవాడు చరిత్ర రాస్తే, మీ సంస్థ దాన్ని పరీక్షలో పెట్టింది. అంతే తేడా.

నిన్న రెండోసారి కూర్చున్నాను. మిగతా పంతొమ్మిది ప్రశ్నలూ ఒప్పు. పద్నాలుగో దానికి తెలిసే మొదటి జవాబు నొక్కాను. తెర ఎర్రబడి "మళ్ళీ ప్రయత్నించండి" అంది. ప్రయత్నిస్తాను. కానీ ఆ నాలుగో దాన్ని నొక్కను. పత్రం పోతే పోనీ. పంతొమ్మిదేళ్ళు నోట్లో పెట్టుకున్న మాటను ఒక్క వేలితో చెరుపుకోలేను.

నీ బావ.

మీ అక్క నీకు రాయమన్న మాట: "చలికి మోకాళ్ళు జాగ్రత్త." ఈ ఉత్తరంలో ఇది ఎక్కడ పెట్టాలో తెలియక ఇక్కడ పెట్టాను.

*

శిక్షణ సంస్థ,
మార్చి 15.

బావగారికి,

ఆ మాట మీరే ఎత్తారు కాబట్టి ఒక్కసారే రాస్తాను, మళ్ళీ రాయను. మీరు "కదపండి" అన్నారు. నేను విన్నాను. మోతగాళ్ళు విన్నారు. వాళ్ళకు నేను పాట నేర్పలేదు. వాళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి పడదని మీకూ తెలుసు. ఒకే అబద్ధం మీద కలిసేవాళ్ళు కారు.

పరీక్ష సంగతి. మూడో ప్రయత్నానికి ముందు మీ వీడియో రావాలి. అందులో చివరి అంశం కొత్తది, మీకు తెలియకపోవచ్చు: గాయపడ్డ మనిషి మీకు కనబడకూడదు. మీరు ఇంకో గదిలో ఉండి, ఫోన్‌లో మాట ద్వారా మాత్రమే అక్కడున్న సహాయకుడి చేత పని చేయించాలి. రికార్డు చేసే ఫోన్ సహాయకుడి పక్కన ఉండాలి. నేను బంధువుని కాబట్టి మీ వీడియో చూడను, మార్కులు వేయను. ఇంకొకరు చూస్తారు.

మే 30 దాటనివ్వకండి. మీ కోపం నా మీద. కొండ మీద కాదు కదా.

మీ
బావమరిది.

*

మేడమీది గది,
ఏప్రిల్ 11.

బావమరిదికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. అయిదోసారి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వీడియోకు మనుషులు కావాలి కదా. గాయపడ్డ మనిషి వేషం మీ అక్కకు ఇచ్చాను. సహాయకుడిగా కింది వాటాలో ఉండే టైలరును పిలిచాను. పెద్దమనిషి, ముప్పై ఏళ్ళుగా పలకరింపులు ఉన్నవాడు, మేమిద్దరం ఒకరినొకరం మీరు అనుకుంటాం. మీ అక్క ముందు గదిలో నేల మీద పడుకుంది. కొండ అంచు నుంచి పడ్డట్టు మూలగమన్నాను. "ఎంతసేపు మూలగాలి? పొయ్యి మీద పాలున్నాయి," అంది. పాలు దించి వచ్చి మళ్ళీ పడింది.

నేను వంటగదిలోకి పోయి తలుపు వేసుకుని టైలరుకు ఫోన్ చేశాను. ఆయన తన ఫోన్ నేల మీద పెట్టి, గట్టిగా వినబడే మీట నొక్కాడు. ఇంకో ఫోన్ కుర్చీ మీద నిలబెట్టి రికార్డింగ్ పెట్టాం.

"ఊపిరి చూడండి. నిమిషానికి ఎన్ని?" అన్నాను.

"ఆవిడ ఆపకుండా మాట్లాడుతున్నారు గురువుగారూ, ఊపిరి తీసుకునే తీరిక ఎక్కడిది?"

"కాలివేళ్ళు కదిలించమనండి. తాకితే తెలుస్తోందా అడగండి."

"కదుల్తున్నాయండీ. తెలుస్తోందంటున్నారు. మెడ మాత్రం నొప్పంటున్నారు."

"మెడ పట్టుకుని అలాగే ఉంచండి. కదపకండి. నేను వస్తున్నాను."

నేను తలుపు తీసేలోపు గదిలోంచి కేక. "అయ్యో నా మెడ! నేనేమన్నా బట్టల మూటనా?" వెళ్ళి చూద్దును కదా, టైలరు మీ అక్కను చంకల కింద పట్టి గోడ దాకా లాక్కెళ్ళి కూర్చోబెట్టేశాడు. చెమట తుడుచుకుంటున్నాడు.

"కదపకండి అన్నాను కదయ్యా!" అని అరిచాను.

"కదపండి అన్నారు గురువుగారూ! మెడ పట్టుకోమని, మళ్ళీ కదపమంటారేమిటా అని అనుమానం వచ్చింది కూడా. మీకన్నా నాకు తెలుసా అని ఊరుకున్నాను."

కుట్టుమిషన్ చప్పుడుకు చెవులు పోయాయని ఆయన్ను అన్నాను. ఆయన నొచ్చుకుని కిందికి వెళ్ళిపోయాడు. అప్పుడు వీడియో పెట్టి చూశాను. నా మాట ఆ గదిలో ఫోన్‌లోంచి ఎలా వినబడిందో అలా వినబడింది. అంటే, నువ్వు కూర్చున్న చోట కూర్చుని నా మాట నేను విన్నాను. ఏడుసార్లు విన్నాను. "కదపండి. నేను వస్తున్నాను." నడిమి అక్షరం లేదు. అక్కడ చిన్న తడబాటు ఉంది, మెట్టు తప్పిన కాలులాంటిది. అక్షరం మాత్రం లేదు.

ఫోన్ మీద పెట్టాను తప్పు. తర్వాత పళ్ళ సెట్టు మీద పెట్టాను. రెండేళ్ళుగా వదులుగానే ఉంది. ఆ మాటే మీ అక్కతో అన్నాను. ఆవిడ మెడకు తైలం రాసుకుంటోంది.

"పళ్ళున్నప్పుడూ అంతే. పెళ్ళయిన దగ్గర్నుంచీ మాట మధ్యలో మింగుతారు మీరు. తొందరపడితే మరీను. నాకు అలవాటు కాబట్టి మీ మొహం చూసి అర్థం చేసుకుంటాను. వైర్‌లెస్‌లో మొహం కనబడుతుందా?"

"ఈ మాట పంతొమ్మిదేళ్ళ కిందట చెప్పొచ్చు కదా?" అన్నాను.

"చెప్తే వినేవారేనా? వాడు అబద్ధం చెప్పడని నాకు తెలుసు. మీరూ చెప్పరని తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఒకడు తమ్ముడు, ఒకరు మొగుడు. ఎటు తిప్పినా నా మెడే కదా!"

షెల్ఫులోంచి వ్యాకరణ పుస్తకాలు దించాను. చదువుకున్నవాడికి దుఃఖం వస్తే చేసే పని అదే. మన భాషలో "కాదు", "లేదు", "వద్దు" అని తలుపు గడియలా చివర నిలబడే మాటలు ఉన్నాయి. వాటిని ఎవరూ మింగలేరు. కానీ ఎదుటివాడిని గౌరవించి ఒక పని ఆపమనాలంటే, ఆ ఆపడమంతా ఒక్క "క"లో పెట్టి దాన్ని క్రియ కడుపులోకి తోసేస్తాం. చేయండి, చేయకండి. కదపండి, కదపకండి. తలా తోకా రెండిట్లోనూ ఒకటే. తేడా అంతా కడుపులోనే.

ఇంకొకటి. నేను పుట్టి బుద్ధెరిగి నిన్ను మీరు అన్నది ఒక్కసారే, ఆ రోజే. వైర్‌లెస్‌లో అందరినీ మీరు అనాలని ఆఫీసు నియమం. ఇంట్లో అన్నట్టు "కదపొద్దురా" అని ఉంటే ఆ "ద్దు" ఎలాగూ నీ చెవిలో పడేది. సగం మింగినా సరిపోయేది. నిన్ను గౌరవించిన ఒక్క మాటలోనే ఇంత పని జరిగింది.

ఇది క్షమాపణ కాదు. నేను కదపకండి అన్నానన్నది ఇప్పటికీ నిజం. కాకపోతే అది నా నోట్లో మాత్రమే నిజం.

టైలరును బతిమాలి మళ్ళీ పిలిచాను. వీడియో మళ్ళీ తీశాం. ఈసారి "ఆగండి. ముట్టుకోవద్దు. వద్దు," అన్నాను. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని దూరంగా గోడకు ఆనుకున్నాడు. "మెడ మాత్రం పట్టుకోండి" అని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పంపాను. ఏడు నుంచి పన్నెండు దాకా పాఠాలూ ఈలోగా పూర్తి చేశాను, ఇక ఆరోదాని మూడో ప్రయత్నం ఒక్కటే మిగిలి ఉంది. ఏం నొక్కాలో నువ్వు చెప్పనక్కర్లేదు.

బావ.

*

ఇంటి నుంచి,
ఏప్రిల్ 27.

బావా,

ఆఫీసు కాగితం మీద రాయబుద్ధి కాలేదు. మీ ఉత్తరం వచ్చి పది రోజులైంది.

అబద్ధం చెప్పానని మీరు అన్నన్నాళ్ళూ నాకు సుఖంగానే ఉండేది. నేను చెప్పలేదని నాకు తెలుసు కాబట్టి, కోపం తెచ్చుకుని బతికేశాను. ఇప్పుడు మీరు ఆ కోపం కూడా తీసుకుపోయారు. అందుకని మిగిలినది రాయాలి.

టైలరుగారికి వచ్చిన అనుమానం ఆ రోజు నాకూ వచ్చింది. నడుము నొప్పి, కాళ్ళు తిమ్మిరి అని నేనే చెప్పాను. అలాంటి మనిషిని కదపమని మీరు ఎందుకంటారు? మీరే నాకు నేర్పారు, కదపకూడదని. మీట మీద వేలు పెట్టాను, "మళ్ళీ చెప్పండి" అందామని. నొక్కలేదు. అంతకు ముందు వారం చిన్న విషయానికి మళ్ళీ అడిగితే, అందరూ వింటుండగా మీరు "చెవులు ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నారు. మోతగాళ్ళు నవ్వారు. వాళ్ళు మళ్ళీ నవ్వుతారని భయపడ్డాను. రెండు క్షణాల భయం, బావా. ఇంకొకసారి అడిగి ఉంటే మీరు తిట్టేవారు, ఆ తిట్టులో నడిమి అక్షరం కచ్చితంగా వినబడేది.

విచారణలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. నేను చెప్పలేదు. "ఏమన్నారు?" అని అడిగారు, "కదపండి అన్నారు" అన్నాను. "నీకు అనుమానం రాలేదా?" అని అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలియదు.

పద్నాలుగో ప్రశ్న రాసింది నేనే. రాసేటప్పుడు చాలా నిజాయితీగా రాస్తున్నాననుకున్నాను. మీ ఉత్తరం వచ్చాక తీసి చూసుకున్నాను. అందులో చెప్పినవాడున్నాడు, పడ్డవాడున్నాడు. విన్నవాడు లేడు. నాలుగు వందల మంది దాన్ని చదివారు, కదిపింది ఎవరని ఒక్కరూ అడగలేదు.

ఆ ప్రశ్న తీసేయిస్తాను. తీసేస్తే నియమం ప్రకారం దాని మార్కు అందరికీ ఇచ్చేస్తారు. మీరు మూడో ప్రయత్నం చేయకుండానే పాఠం గట్టెక్కుతారు. సోమవారం కాగితం పెడతాను. నన్ను ఈ ఒక్క పని చేయనివ్వండి.

మీ
బావమరిది.

అక్క మెడ ఎలా ఉంది?

*

మేడమీది గది,
మే 19.

ఒరే బావమరిదీ,

తీయొద్దు. గడియలాంటి మాట రాశాను, చూడు. తీయొద్దు. సోమవారం కాగితం పెట్టి ఉంటే, అది ఇప్పుడు ఏ బల్ల మీద ఉన్నా వెనక్కి తీసుకో. నాకు ఊరికే వచ్చే మార్కు అక్కర్లేదు. నువ్వు ఆ ప్రశ్న తీసేస్తే అది మనిద్దరి ఇంటి గొడవై పోతుంది. అది ఇంటి గొడవ కాదు, ఒక మనిషి కాళ్ళు.

మూడో ప్రయత్నం మొన్న చేశాను. ఉదయం పది గంటలకు, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాను. పద్నాలుగో ప్రశ్న వచ్చింది. "కదపమని ఆదేశించాడు." చదివాను. ఆ గది నేల మీద ఉన్న ఫోన్‌లోంచి నా గొంతు విన్నవాణ్ణి కాబట్టి ఆ వాక్యంలో నాకిప్పుడు అబద్ధం కనిపించలేదు. కొండ మీదికి చేరిన ఆదేశం అదే. నా నోట్లో ఆగిపోయినది ఎవరికీ చేరలేదు, చేరనిది ఆదేశం కాదు. "పైవన్నీ" నొక్కాను. నొక్కేటప్పుడు కళ్ళు మూసుకున్నానని మీ అక్క అంటుంది. కళ్ళజోడు లేకుండా చూసిన సాక్ష్యం చెల్లదన్నాను.

నూటికి నూరు. పత్రం వచ్చింది. మూడేళ్ళకు. కార్యదర్శికి స్వయంగా తీసుకెళ్ళి చూపించాను. "అయ్యో, విశ్రాంతి..." అన్నాడు. "మీరు తీసుకోండి," అన్నాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. ఆ ప్రశ్న ఉంచి, దాని కింద ఇంకో రెండు పెట్టు. ఒకటి: ఆ మాట ఎలా చెప్పి ఉండాల్సింది? జవాబు: వైర్‌లెస్‌లో గానీ ఫోన్‌లో గానీ పని ఆపించాలంటే "వద్దు" అన్న మాట చివర రావాలి, దాన్నే రెండుసార్లు చెప్పాలి. ఎంత గౌరవమైనా సరే, "కండి"తో పూర్తయ్యే ఏ ఆదేశమూ ఇవ్వకూడదు. రెండు: విన్నవాడు ఏం చేసి ఉండాల్సింది? జవాబు: విన్నదాన్ని తిరిగి చెప్పాలి. పైవాడు విసుక్కున్నా, పక్కవాడు నవ్వినా తిరిగి చెప్పాలి. దీన్ని కూడా తప్పనిసరి ప్రశ్న చేయి. మీ సంస్థలో ఎవరైనా ఇది భాష సంగతి, వైద్యం కాదు అంటే నా దగ్గరికి పంపు. మెట్లున్నాయని ముందే చెప్పు.

ఆ వారం నేను నిన్ను చెవుల గురించి అన్న మాట నాకు గుర్తులేదు. అదే నాకు చాలా అసహ్యంగా ఉంది. అన్నవాడికి గుర్తులేదు, విన్నవాడు పంతొమ్మిదేళ్ళు మోశాడు. కిందటి ఉత్తరంలో క్షమాపణ కాదని రాశాను. ఇది అవును.

ఇంకొక చోటికి కూడా వెళ్ళాను. సర్వేయరు ఇంటికి. నెలకోసారి వెళ్తుంటానని నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి మాటలు లేవు కదా మనకు. వెళ్ళి కూర్చుని, వీడియో సంగతి, నా మింగుడు సంగతి అన్నీ చెప్పాను. చెప్పి తల దించుకున్నాను. ఆయన తన కుర్చీ చక్రం కాస్త వెనక్కీ ముందుకీ ఆడించుకుంటూ విన్నాడు.

"ఎవరన్నారు, ఏమన్నారు అన్నది నాకెందుకండీ? నేను ఎప్పుడైనా అడిగానా?" అన్నాడు.

"అడగలేదు."

"మీ బావమరిదినీ అడగలేదు. నెల మొదటి ఆదివారం మీరొస్తారు, మూడో ఆదివారం ఆయనొస్తాడు. ఇద్దరూ అదే కుర్చీలో కూర్చుని అదే గోడ చూస్తారు. మీరు వెళ్ళాక ఆ గోడలో ఏముందా అని నేనూ చూస్తుంటాను."

నువ్వు వస్తావని నాకు తెలియదు. పంతొమ్మిదేళ్ళూ వచ్చావా అని అడిగాను. పెళ్ళిళ్ళకు, జ్వరాలకు తప్ప మానలేదన్నాడు. నేనూ అంతే.

"ఒక ఉపకారం చేయండి," అన్నాడు. "ఇకమీదట ఇద్దరూ ఒకే ఆదివారం రండి. ఒక్కసారి టీ పెట్టుకుంటే సరిపోతుంది నాకు. ఈ కుర్చీలోంచి పొయ్యి దగ్గరికి వెళ్ళి రావడం ఎంత పనో మీకిద్దరికీ తెలియదు, ఎందుకంటే మీరిద్దరూ గోడ చూస్తుంటారు."

కాబట్టి జూన్ మొదటి ఆదివారం. పదిన్నరకు. టీ నేను పెడతానని ఆయనకు మాటిచ్చాను; నా టీ ఎలా ఉంటుందో నీకు తెలుసు, పాలు నువ్వు చూసుకో. వీధి చివర మెడికల్ షాపు ముందు నిలబడి ఉంటాను. అక్కడి నుంచి కలిసి వెళ్దాం. నిన్ను ఎలా పిలవాలా అని చాలాసేపు ఆలోచించాను. గౌరవం పెట్టి పిలిస్తే ఏమవుతుందో చూశాం. అందుకని ఒకే అక్షరం రాస్తున్నాను. ఇందులో నడుమ ఏమీ లేదు, మింగడానికి నాకు వీలు లేదు.

రా.